వెచ్చని గాలి రాని కారు

మన దేశమున మోటారు నడుపువారి చింత యంతయు ఇంజను వేడిని ఎట్లు వెలుపలికి పంపవలెనన్నదే. ఎండకాలమున రేడియేటరు మరిగి, బస్సు చెట్టునీడన ఆగి, డ్రైవరు బకెట్టు పట్టుకొని చెరువు దగ్గరకు పోవుట మీలో పెద్దవారు చూచియే యుందురు. అయితే ఆ వేడియే ప్రాణాధారమైన దేశములు కలవు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రము అట్టిది. 2019 జనవరి 30వ తేదీన మిన్నెయాపొలిస్ నగరములో చలి సున్నకు క్రింద 33 డిగ్రీల సెంటీగ్రేడు వరకు దిగెను. ఆ దినమున అక్కడ టపా బట్వాడా కూడ నిలిపివేసిరి. నేడు మన గ్రామ సంఘములలో బిడ్డలను అట్టి చలిదేశములకు పంపిన తలిదండ్రులు అనేకులున్నారు గనుక ఈ సంగతి మీకు వ్రాయుచున్నాను.

ఆ చలికాలమున నేను అక్కడ మా కుమార్తె యింట ఉంటిని. తెలుగు విశ్వాసులు కొందరు శనివారము సాయంకాలమున ఒకరి యింట కూడి ప్రార్థన చేసికొనుచుండిరి. పశ్చిమ గోదావరి జిల్లానుండి వెళ్లిన నర్సు ఒకామె రెండేండ్ల కుమారునితో అక్కడికి వచ్చుచుండెనట. భర్త వేరొక రాష్ట్రమున పనిలో ఉండెను. డిసెంబరు నెలనుండి ఆమె రాక మానెను. నేనున్న ప్రతి కూటములోను ఆమెకొరకు ప్రార్థించిరి. ఎట్లనగా, ఆ సహోదరి ప్రేమ చల్లారినది, ప్రభువా, మరల రగిలించుము అని. ప్రార్థన దీర్ఘముగానే యుండెను, స్వరములు బిగ్గరగానే యుండెను. ఆమె యింటికి వెళ్లి చూచినవారు మాత్రము లేరు. ముందుగా తెలుపక ఒకరి తలుపు తట్టుట ఆ దేశమున మర్యాద కాదనిరి. ఫోనుకు తలుపేమున్నది అని మా కుమార్తె అనెను. అది నాకు నచ్చినది.

చివరకు మా అల్లుడు ఫోను చేసెను. ఆమె చెప్పిన కారణము ఇంతే: “అన్నయ్యా, కార్లో హీటరు పనిచెయ్యట్లేదు. ఆసుపత్రికి నేనొక్కదాన్నే గనుక ఎలాగో వెళ్లివస్తున్నాను. పిల్లాణ్ణి ఎక్కించుకుని అంతదూరం రాలేను.”

షిలోహు మందిరములో హన్నా పెదవులు మాత్రమే కదలుట చూచి, ఏలీ యాజకుడు ఆమె త్రాగి యున్నదని తలంచెను గదా! అయినను ఏలీ ఆమెతో మాటలాడెను. అందుచేతనే నిజము బయటపడెను.

బిడ్డల విషయమై అక్కడ ఒక కష్టము కలదు. చిన్నపిల్లలను కారులో ప్రత్యేకమైన కుర్చీలో కూర్చుండబెట్టి పట్టీలు బిగింతురు. ఆ పట్టీల క్రింద దళసరి కోటు ఉండరాదు. ప్రమాదము జరిగినపుడు కోటు అణగి, పట్టీ వదులై, బిడ్డ జారిపోవును. పట్టీలు బిగించిన తరువాత పైన దుప్పటి కప్పవచ్చును. రెండేండ్లవాడు దుప్పటిని ఎంతసేపు ఉండనిచ్చునో తల్లులకు నేను చెప్పనక్కరలేదు.

ఆమె కారును ఒక మరమ్మతు షాపులో చూపియే యుండెను. డ్యాష్‌బోర్డు అంతయు ఊడదీసి లోపలి హీటరు మార్చవలెననియు, వెయ్యి డాలర్లకు పైగా అగుననియు వారు చెప్పిరట. నెలనెల ఊరికి డబ్బు పంపు మనిషికి అది చిన్న మాట కాదు. నేను బస్సు డిపోలో మెకానిక్కు పనిచేసినవాడను గనుక, చలి కొంత తగ్గిన ఒక ఉదయమున అల్లునితోకూడ వెళ్లితిని.

పెట్రోలు కారులోని హీటరు తనంతట తాను వేడి పుట్టించునది కాదు. వేడి పుట్టునది ఇంజనులో. ఇంజను చుట్టు తిరుగు నీళ్లు ఆ వేడిని మోసికొనిపోవును. నీళ్లు గడ్డకట్టకుండుటకై గ్లైకాలు అను ద్రవమును సగపాలు కలుపుదురు. ఆ మిశ్రమము సున్నకు క్రింద సుమారు 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. దీనినే కూలెంటు అందురు. ఇందులో కొంత డ్యాష్‌బోర్డు వెనుకనున్న చిన్న రేడియేటరు గుండ పోవును. ఫ్యాను దానిమీదుగా గాలిని తోలును. ఫ్యాను పని అంతే. వేడి కూలెంటు అక్కడికి రానియెడల, ఫ్యాను ఎంత జోరుగా తిరిగినను వచ్చునది చల్లగాలియే. జోరు పెంచినకొలది కూర్చున్నవానికి వణకు ఎక్కువగును. చలిలోనున్న సహోదరుని వెచ్చగా ఉండుమని వట్టి మాటతో పంపివేయువానిని గూర్చి యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో వ్రాసినది, ఆ ఫ్యాను ఎదుట నిలిచినపుడు నాకు తలంపునకు వచ్చెను.

“అమ్మా, హైవే మీద పోయేటప్పుడు ఏమైనా వెచ్చగా వస్తుందా?” అని అడిగితిని.

“కొంచెం వస్తుంది బాబాయిగారూ. సిగ్నలు దగ్గర ఆగితే మళ్లీ చల్లబడిపోతుంది.”

ఆ మాటతో సగము రోగము తెలిసినది. కారు వేగముగా పోవునపుడు పంపు గట్టిగా నెట్టును గనుక, కూలెంటు తక్కువగానున్నను కొంతైన లోపలికి చేరును, ఆగినపుడు చేరదు. ఇంజను వేడి చూపు ముల్లు నడుమకు వచ్చి నిలుచుచుండెను. థర్మోస్టాటు తెరచుకొని ఉండిపోయినయెడల ముల్లు అంతవరకు రాదు. కాళ్లదగ్గర తడి లేదు, తియ్యని వాసన లేదు; అనగా లోపలి రేడియేటరు కారుటలేదు.

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే మూత తీసితిమి. వేడిమీద తీసినయెడల మరుగుచున్న నీరు ముఖముమీదికి చిమ్మును. డిపోలో అట్లు కాలినవారిని ఎరుగుదును. కూలెంటు గుర్తుకు చాల క్రిందనుండెను. టార్చిలైటుతో వెదకగా ఒక రబ్బరుపైపు క్లిప్పు వదులై, దానిచుట్టు తెల్లని పొడి పేరుకొని యుండెను. ఎన్నాళ్లనుండియో చుక్క చుక్కగా పోయినది. క్రొత్త క్లిప్పునకును, ఆ కారుకు తగిన కూలెంటునకును కలిపి నలుబది డాలర్లు కూడ కాలేదు. క్రింద ఒలికిన దానిని గుడ్డతో శుభ్రముగా తుడిచితిమి. అది తియ్యగా ఉండును గనుక పిల్లలును కుక్కలును నాకుదురు. నాకినయెడల ప్రాణాపాయమైన విషము.

అంతటితో పని తీరలేదు. నీళ్లు పోయినచోట గాలి చేరును. గాలికి ఎత్తైన పీఠమే కావలెను. చిన్న రేడియేటరు ఎత్తున నుండుటచేత అక్కడ కూర్చుండి, వచ్చు కూలెంటుకు దారి ఇయ్యదు. కారును ఆరుబయట ఏటవాలు దారిలో ముందుభాగము ఎత్తుగా నుండునట్లు నిలిపితిమి. మూసిన షెడ్డులో ఇంజను నడుపనే కూడదు. పొగలోని విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు, మనుష్యులు నిద్రలోనే పోవుదురు. మూత తీసియుంచి, హీటరును పూర్తి వేడికి త్రిప్పి, ఇంజనును మెల్లగా నడువనిచ్చితిమి. చాలసేపు ఏమియు లేదు. నా చేతివ్రేళ్లు నావి కానట్లాయెను. పిమ్మట బుడబుడమని బుడగలు పైకి వచ్చెను. మట్టము దిగినకొలది పోయుచుంటిమి. ఆమె కారులో కూర్చుండి గాలి వచ్చుచోట చేయి పెట్టి యుండెను.

“వస్తుంది బాబాయిగారూ!” అని లోపలినుండి కేక వేసెను.

కాఫీ త్రాగుచుండగా మాటలలో ఒక సంగతి తెలిసినది. రానేరని ఆ శనివారములలో, కూటపు వేళకే ఆమె బిడ్డను ఒడిలో ఉంచుకొని పాటలు పాడి, వాక్యము చదువుకొనుచుండెనట. మా అల్లుడు తల వంచుకొనెను. కూటములో ఏమని ప్రార్థించిరో దాచక చెప్పి, క్షమించుమని ఆమెను అడిగెను.

ఆమె కొంతసేపు ఊరకుండెను. “నాకోసం ప్రార్థన చేశారు కదా అన్నయ్యా, సంతోషమే. కాని డిసెంబరులో ఎవరైనా ఒక్క ఫోను చేసివుంటే ఇంకా బాగుండేది” అనెను.

మరుసటి శనివారము ఆమె డ్యూటీ దిగి, బిడ్డను తీసికొని, రెండవ పాట వేళకు వచ్చెను. కూటము ముగిసినపిమ్మట మేము ముందుమూత ఎత్తి చూచితిమి. క్లిప్పు దగ్గర తడి లేదు. డబ్బాలో కూలెంటు మేము పోసిన గుర్తు దగ్గరనే నిలిచియుండెను.