గ్యాసొక్కటే మారిస్తే చాలదు

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఏసీలు బాగుచేసే ఓ రేకుల షెడ్డు. లోపల 1992 మోడల్ కాంటెస్సా బానెట్ ఎత్తుకుని ఉంది. "ఇంజనుకు వంక లేదండీ, ఏసీయే చల్లగా రావట్లేదు" అన్నారు దాని యజమాని.

ఆ ఏసీ ఆర్-12 గ్యాసు మీద నడిచేది. అందులోని క్లోరిన్ ఓజోన్ పొరను తినేస్తుందని తేలాక 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో మన దేశం అందులో చేరింది. 2008 ఆగస్టు నుంచి, ఇన్‌హేలర్ల అవసరం తప్పిస్తే, ఇక్కడ ఆర్-12 తయారీ ఆగిపోయింది. ఇక ఇలాంటి బండ్లకు దారి ఆర్-134ఏ. అందులో క్లోరిన్ లేదు.

"గ్యాసు ఎక్కించడం చివర్న చేసే చిన్న పని సార్, అసలు పనంతా అంతకు ముందే" అన్నాడు మేస్త్రి. కంప్రెసర్ విప్పి తలకిందులు చేశాడు. నల్లబడిన ఆయిల్ ట్రేలోకి సన్నగా కారింది. ఈ మినరల్ ఆయిల్ పాత గ్యాసులో కలిసి వ్యవస్థంతా తిరిగి వచ్చేది. 134ఏలో అది కలవదు. కూలింగ్ కాయిల్లో ఎక్కడో పేరుకుపోతుంది, ఇక్కడ కంప్రెసర్ ఆయిల్ అందక పట్టేస్తుంది. అందుకే లైన్లన్నీ కడిగి ఎస్టర్ ఆయిల్ పోశాడు. ఎక్కడైనా పాత ఆయిల్ కొంచెం మిగిలినా ఇది సర్దుకుంటుంది.

తర్వాత జాయింట్ల దగ్గరి ఓ-రింగులు. ఒక పాత రింగు తీసి నా చేతిలో పెట్టాడు. గోటితో వంచితే పుటుక్కున విరిగింది. వాటి స్థానంలో ఆకుపచ్చ రింగులు, కొత్త గ్యాసుకు పనికొచ్చే కొత్త డ్రయర్ బాటిల్, గ్యాసెక్కించే చోట వేరే సైజు వాల్వులు వచ్చాయి. వాల్వులు మార్చితే రేపు ఇంకెవరూ పొరపాటున పాత గ్యాసు ఎక్కించలేరు. వేసవిలో హై సైడ్ ప్రెషరు బాగా పెరుగుతుంది కాబట్టి కండెన్సర్ ముందు అదనంగా ఓ ఫ్యాను కూడా బిగించాడు.

వాక్యూమ్ పంపు ముప్పావుగంట నడిచింది. ఆపాక గేజి ముల్లు కదలకుండా ఉందో లేదో చాలాసేపు చూశాడు. నాకు ఆ మేస్త్రి మీద గురి కుదిరింది అప్పుడే. తొందరపడేవాళ్లు ఈ మెట్టు ఎగ్గొడతారు. గ్యాసును కాటా మీద తూచి, పాత కొలతలో 80 నుంచి 90 శాతం మధ్యే ఎక్కించాడు. ఎక్కువైతే ప్రెషరు పెరిగి చల్లదనం తగ్గుతుంది.

చవగ్గా అవుతుందని కొన్నిచోట్ల వంటగ్యాసు జాతి మిశ్రమాలు ఎక్కిస్తున్నారు. అవి మండుతాయి. లీకై కారు లోపలికొస్తే ప్రాణాలకే ముప్పు. 134ఏ కూడా పూర్తిగా నిర్దోషి కాదు, బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 1,400 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఏ గ్యాసైనా గాల్లోకి వదిలేయకూడదు, రికవరీ మెషీనుతో సిలిండరులోకి లాగాలి.

మీ దగ్గర పాత బండి ఉంటే మేస్త్రిని మూడు మాటలు అడగండి: ఆయిల్ మారుస్తారా, డ్రయర్ మారుస్తారా, గ్యాసు తూచి ఎక్కిస్తారా? పని అయ్యాక ఏ గ్యాసు, ఏ ఆయిల్, ఎంత పోశారో రాసిన స్టిక్కర్ బానెట్ కింద అతికించమనండి.