హద్దులు చెరిపే చెయ్యి

కోస్తాలో ఒక చిన్న పట్టణం. నెలకోసారి అక్కడ కొందరు ఆడవాళ్లు ఒకచోట చేరి తమ జీవితంలో జరిగినవి రాసుకుంటారు, చదువుకుంటారు. వెళ్లి చూసి రమ్మనీ, ఇస్తే నాలుగు కథలు అడిగి తెమ్మనీ మా సంపాదకులు పంపారు. ఊరి పేరు రాయను. ఎవరింట్లో కూర్చుంటారో, ఏ వారమో కూడా రాయను. ఆ మాట ఇచ్చాకే గడప దాటనిచ్చారు.

కథలు ఇవ్వాలో వద్దో వాళ్లు ఇంకా తేల్చుకోలేదు. నేను రాయాలనుకున్నది మాత్రం ఆ ఇంటి వసారాలో పీట వాల్చుకుని కూర్చున్న ఒక పెద్దావిడ గురించి. అందరూ ఆమెను రైటరమ్మ గారంటారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ఏళ్ల తరబడి దస్తావేజులు రాసిన చెయ్యి అది. పెన్ను ఒరుసుకుని మధ్యవేలి పక్కన కాయ కాసింది. అక్షరం గుండ్రంగా ఉంటుంది. తలకట్లన్నీ ఒకే ఎత్తులో నిలబడతాయి.

ఎవరు ఏది రాసి తెచ్చినా ముందు ఆమె చేతికి వెళ్తుంది. ఆమె దాన్ని తన దస్తూరీలో ఎత్తి రాసి, అసలు కాగితం రాసినావిడకే తిరిగి ఇచ్చేస్తారు. తర్వాత ఆ నకళ్లన్నీ కలిపేసి, ఎవరి చేతికి ఏది వస్తే వాళ్లు అది చదువుతారు. ఎవరి బతుకు ఎవరి గొంతులో వినపడుతోందో ఎవరికీ తెలియదు. చదవడం పూర్తయ్యాక నకళ్లు ఆ పూటే పొయ్యిలోకి వెళ్తాయి. ఫోన్లు పక్క గదిలో, ఆపేసి ఉంటాయి.

"ఈ ఊళ్లో సగం మంది ఒకే బళ్లో చదువుకున్నారండీ. పేరు కంటే ముందు దస్తూరీయే పట్టిస్తుంది" అన్నారామె.

దస్తావేజు రాసేవాళ్లకు మనిషిని ఎటూ కదలకుండా కట్టేయడం వచ్చు. పేరు, తండ్రి పేరో భర్త పేరో, వయసు, వృత్తి, డోర్ నంబరు, ఆధార్. స్థలమైతే సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు. తూర్పున ఫలానా వారి దొడ్డి, దక్షిణాన పంచాయతీ రోడ్డు. రేపు పేచీ వస్తే ఏ మనిషి, ఏ స్థలం అన్న అనుమానం కోర్టుకు రాకూడదు. ఆ పనిలో ఆరితేరిన చెయ్యే ఇప్పుడు దాన్ని తిరగేసి చేస్తోంది. కథ చదువుతూ మార్జిన్లో పెన్సిలుతో చిన్న గీతలు పెడతారు. ఒక్కో గీత ఒక్కో హద్దు.

ఒక పేజీ దిద్దుతుంటే పక్కన కూర్చోనిచ్చారు. రాసినావిడ ఒప్పుకున్నారు. ఇక్కడ నేను చెప్పే వివరాలు కూడా మార్చినవే. భర్త పోయిన నెలలోపే బావగారు పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్న సంగతి అది. పేర్లన్నీ ముందే మార్చుకొచ్చారు. రైటరమ్మ గారు మాత్రం నాలుగు గీతలు పెట్టారు.

"సొసైటీ ప్రెసిడెంటు గారి తమ్ముడి భార్య. పుష్కరాల ఏడు భర్త పోయాడు. ఇంట్లో రెండో కోడలు. వాకిట్లో పొగడచెట్టు. నాలుగు హద్దులూ పడ్డాయి కదమ్మా, ఇంక పేరు మార్చి ఏం లాభం?"

ఆవిడ ముఖం పాలిపోయింది. రైటరమ్మ గారు పెన్సిలు కింద పెట్టి, కాగితం మీద ఇంకో చోట వేలు ఆనించారు. "ఆయన నీ బొటనవేలు పట్టుకుని నొక్కాడన్నావే, అది ఉండాలి. మర్నాడు అన్నం కలుపుతుంటే వేలికి ఇంకా సిరా ఉందన్నావే, అదీ ఉండాలి. చెట్టు తీసెయ్. ప్రెసిడెంటుని షాపు వాణ్ణి చెయ్. ఏడు చెప్పకు, వానాకాలం అను చాలు."

తిరగరాసిన పేజీ మొదటిదానికంటే బాగుంది. సిరా అంటిన వేలు మిగిలింది, ఊరు పోయింది. గుర్తులు చెరిపితే నిజం చచ్చిపోతుందని వాదించేవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లంతా ఒక్కసారి ఈ వసారాలో కూర్చోవాలి.

మన సమాజంలో పేరు మార్చడం రక్షణ కాదు. ఇంటిపేరు చాలాసార్లు కులం చెప్పేస్తుంది, యాస ప్రాంతాన్ని చెప్పేస్తుంది. "మా చిన్నాడపడుచు" అంటే లోకంలో ఒకే ఒక్క మనిషి. "పేర్లు మార్చడమైనది" అని కింద ఒక వాక్యం వేసి చేతులు దులుపుకునే పత్రికలకు ఈ సంగతి తెలియదనుకోను. పట్టించుకోవడం లేదంతే.

టీలు తాగేటప్పుడు ఒకామె గొంతు తగ్గించి పక్కావిడతో చెప్పుకుంటున్న మాట చెవిన పడింది. తర్వాత ఆమెను అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆమె ముందు ఇలాంటి ఇంకో బృందానికి వెళ్లేవారు. అక్కడ చదివిన కాగితాన్ని ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. సాయంత్రానికల్లా అది వాళ్ల వియ్యపురాలి వాట్సాప్‌లో ఉంది. "నా కథే కదా అని రాశాను. అందులో మా అమ్మాయి కూడా ఉందని అప్పుడు తోచలేదు. మాటలు అది పడింది." ఆ తర్వాత చాలా కాలం ఆమె కలం ముట్టలేదట.

అదృశ్యమయ్యే మెసేజ్‌లు వచ్చాయిగా, భయమెందుకంటారు. అదృశ్యమయ్యేలోపు స్క్రీన్‌షాట్ తీయడానికి ఒక్క క్షణం చాలు.

చట్టం లేదని కాదు. తమిళనాట జైల్లో ఉన్న ఆటో శంకర్ ఆత్మకథను నక్కీరన్ పత్రిక అచ్చు వేయబోతే వచ్చిన కేసులో 1994లోనే సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. బహిరంగ రికార్డుల్లో ఉన్నది వేయవచ్చు. అది దాటి ఒకరి కుటుంబం, పెళ్లి, మాతృత్వం వంటి విషయాలను వారి సమ్మతి లేకుండా ప్రచురించకూడదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. అత్యాచార బాధితురాలిని గుర్తుపట్టే వివరాలు అచ్చు వేస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద రెండేళ్ల దాకా జైలు. కానీ కోర్టు మెట్లెక్కేసరికి ఊరంతా చదివేసి ఉంటుంది. అందుకే నాకు తీర్పు కంటే ముందు ఆ పెన్సిలు గీత ముఖ్యమనిపిస్తుంది.

బృందంలో ఒక చిన్నమ్మాయి ఎదురు తిరిగింది. "తప్పు చేసినవాడి పేరు నేనెందుకు దాచాలమ్మా?" అంది. న్యాయమైన ప్రశ్న. రైటరమ్మ గారు కోప్పడలేదు. "దాచమనలేదు తల్లీ. ఫిర్యాదు రాద్దాం రా. పేరు, డోర్ నంబరు, తేదీ, నాలుగు హద్దులూ పెట్టి నేనే రాసిస్తా. కథలో నీ తలుపు మాత్రం తెరిచి పెట్టకు" అన్నారు.

పేరు మార్చి రాయలేని జీవితాలూ ఉన్నాయి. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో, ఆమెకు తొంభై దాటాక వచ్చింది. నక్సలైటు నాయకుడు కొండపల్లి సీతారామయ్య భార్యగా లోకానికి తెలిసిన మనిషి ఏ పేరు పెట్టుకుని దాక్కోగలదు? ఆమె తన పేరుతోనే రాశారు. అది ఆమె ఎంచుకున్న దారి. ఆ దారిని అందరి మీదా రుద్దడమే నాకు కోపం తెప్పిస్తుంది. సభల్లో "ఎంత ధైర్యంగా రాశావమ్మా" అని చప్పట్లు కొట్టినవాళ్లు తమ ఇళ్లకు పోతారు. రాసినామె ఆ రాత్రి అదే వంటింట్లోకి, అదే అత్తగారి ముందుకు వెళ్లాలి.

మనకు ఇంతకంటే మంచి అలవాట్లుండేవి. ఆంధ్రప్రభ వారపత్రిక 'ప్రమదావనం' శీర్షికలో మాలతీ చందూర్ దశాబ్దాలపాటు పాఠకురాళ్ల ఉత్తరాలకు జవాబులు రాశారు. బీనాదేవి అన్న పేరు వెనుక న్యాయమూర్తిగా పనిచేసిన భర్తా, ఆయన భార్యా ఉన్నారు. వసుంధర పేరుతో రాసిందీ దంపతులే. అసలు పేరు సంపాదకుడికి తెలిస్తే చాలు, పాఠకుడికి తెలియనక్కర్లేదన్న మర్యాద ఒకటి నడిచేది. ఇప్పుడు కథ చివర రచయిత ఫోన్ నంబరు అచ్చు వేయడం మామూలైంది. ఫొటో, ఊరు కూడా అడుగుతున్నారు. తన బతుకు రాసుకున్న ఆడమనిషి నంబరు వేలమంది చేతుల్లో పెట్టి, ఆ తర్వాత వచ్చే ఫోన్లకు బాధ్యత ఎవరిదంటే ఎవరూ పలకరు.

కాబట్టి సంపాదకులను అడుగుతున్నాను. జీవితకథ కింద ఫోన్ నంబరు వేయడం ఆపండి. ఫొటో అడగకండి. రాత అందగానే కాదు, అచ్చుకు వెళ్లే ముందు మళ్లీ ఒకసారి ఆమెకు చదివి వినిపించండి. అప్పుడు వద్దంటే, కారణం అడక్కుండా వెనక్కి ఇచ్చేయండి. కథలు తెమ్మని నన్ను పంపిన పత్రికే ఈ పని ముందు మొదలుపెట్టాలి.