పప్పుగిన్నెని ఏనుగనండి

ఏవండోయ్, చేతిలో పని కాస్త పక్కన పెట్టండి. పైనేముంది? ఫ్యానా? దాన్ని వేలెత్తి చూపించి "గేదె!" అనండి. తలుపుని చూసి "సాంబారు!" అనండి. ఊహూఁ, నసిగితే కుదరదు. అరవాలి.

నిన్న నేను వంటింట్లో మొదలెట్టాను. పప్పుగిన్నెని "ఏనుగు!" అన్నాను. పోపులడబ్బాని "తహసీల్దారు!" అన్నాను. మా ఆవిడ గరిటె కింద పెట్టకుండానే నా నుదురు తడిమి చూసింది. జ్వరం లేదని తేలాక మరీ హడలిపోయింది పాపం.

నా తప్పేం లేదండీ. అంతా కీత్ జాన్‌స్టోన్ పుణ్యం. 1933లో ఇంగ్లండులో పుట్టిన నాటకాలాయన, నటన పంతులు. ఈ తప్పుపేర్ల ఆట ఆయన 1979లో వేసిన 'ఇంప్రో' పుస్తకంలోది. కాసేపు ఇలా అరిచి చుట్టూ చూస్తే రంగులు తేటపడతాయట. నాకు పోపులడబ్బా మీది జిడ్డు తేటపడింది. ఆ ముక్క పైకి అన్నాను చూడండీ, అదీ నేను చేసిన తప్పు.

ఈయన మొదట లండన్‌లో బాటర్‌సీ పేటలో బడిపంతులు. తర్వాత రాయల్ కోర్ట్ థియేటర్లో చేరి, రాసుకున్న మాటల్లేకుండా ఆడటం నేర్పాడు. అక్కడే వచ్చింది తంటా. 1968 దాకా ఆ దేశంలో నాటకం వెయ్యాలంటే లార్డ్ చాంబర్లేన్ అనే దొరగారికి ముందే స్క్రిప్టు పంపాలి. ఆయన ఊఁ అంటేనే తెర లేచేది. నోట్లోంచి అప్పటికప్పుడు ఊడిపడే మాటని ముందే ఏ కాగితం మీద పెట్టి పంపుతారు, మీరే చెప్పండి! మనవాడు ఊరుకున్నాడా? ఇది నాటకం కాదు, నటన పాఠం అని చెప్పి, జనాన్ని కూచోబెట్టి మరీ ఆడించాడు. ఎంత గడుసుతనమో!

పంతులుగా ఈయన తీరే వేరు. నేలమీద చతికిలబడేవాడు. మీరు చెడగొడితే తిట్లు నాకే, తెలిసినవాణ్ణి నేనేగా అనేవాడు. మా లెక్కల మాస్టారికి ఈ కబురెవరూ చెప్పలేదు.

ఆయన దగ్గర పెద్ద నేరం ఒకటుంది. ఎదుటివాడి మాట కొట్టిపారెయ్యడం. "మీ ఆంబోతు నా గొడుగు తినేసిందండీ" అని ఒకడొచ్చాడనుకోండి. "మాకు ఆంబోతు లేదే" అన్నారా, ఆట అక్కడికక్కడే చచ్చింది. "అందుకేనా! పొద్దుట్నించీ తోక నొక్కితే టప్పున విచ్చుకుంటోంది" అనాలి.

అన్నట్టు, కుస్తీ సంగతి మరిచాను. కుస్తీపోటీల్లో ఈలలేసి ఊగిపోయే జనం నాటకానికి రారేమని ఈయన బెంగ. అందులోంచి థియేటర్‌స్పోర్ట్స్ పుట్టింది. రెండు జట్లు. మార్కులేసే జడ్జీలు. జడ్జీల మీద కేకలేసే జనం! 1977లో కెనడాలోని కాల్గరీలో లూస్ మూస్ అనే నాటకసంస్థ పెట్టి అక్కడా ఇదే గోల. 2023లో పోయాడు మహానుభావుడు.

ఇందాక మా ఆవిడ నన్ను వేలెత్తి చూపించి "సోఫా!" అంది. ఆటలోకి దిగిందో, నిజంగానే అందో తేలక ఇలా గోడ దగ్గరికి వచ్చి నించున్నాను.