బీరువాలో అరవై చీరలు

మా విశాఖలో స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగమంటే అందరికీ అర్థమవుతుంది. పోర్టు అన్నా, నేవీ అన్నా వేరే చెప్పక్కర్లేదు. "మా అమ్మాయి మలేరియా పరాన్నజీవిలో జీన్ ఎక్స్‌ప్రెషన్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది" అంటే మాత్రం ఎదుటివాళ్ళు ఓ క్షణం అలా చూస్తుండిపోతారు. ఆ తర్వాత అడిగేది ఒకటే. "ఇంకా ఐదేళ్ళా వదినా? మరి పెళ్ళెప్పుడు?"

సంక్రాంతి వెళ్ళాక గాజువాక నుంచి ఓ మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి నెమ్మదస్తుడు. ఎమ్మెస్సీ అయింది కాబట్టి ఇక చదువు చాలన్నారు వాళ్ళు. మావారు అవుననలేక, కాదనలేక రెండు వారాలు నాన్చారు. మా అత్తయ్యగారైతే "దోమల మీద చదువేమిటే? దోమతెర కట్టుకుంటే సరిపోయేదానికి!" అన్నారు.

నేను బీకామ్ చదివినదాన్ని. అది ఐదేళ్ళు దేనికడుగుతోందో నాకే తెలియకపోతే దాని తరఫున ఎవరితో ఏం మాట్లాడగలను? ఓ రోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ ఎదురుగా కూర్చోబెట్టుకుని, నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను.

"అమ్మా, నీ బీరువాలో చీరలెన్ని?" అంది.

"ఓ అరవై ఉంటాయేమో."

"ఒక్కసారి కట్టుకునేది?"

"ఒక్కటే కదే!"

"జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటే అదే. బీరువాలో ఉండటం వేరు, ఒంటి మీదకి రావడం వేరు."

మన కంటిలోని కణానికీ కాలేయంలోని కణానికీ జన్యువులు అవేనట. ఎక్కడ ఏవి తెరుచుకుంటాయన్నదాన్ని బట్టే అది కన్నవుతుంది, ఇది కాలేయమవుతుంది. మలేరియాల్లో ప్రాణాంతకమైనది ఫాల్సిపారం. శాస్త్రవేత్తలు 2002లో దాని జన్యువులన్నీ చదివేశారు. సుమారు 5,300 ఉన్నాయి. వాటిలో 'వార్' అనే కుటుంబానికి చెందినవి దాదాపు 60. ఒక్కో పరాన్నజీవి ఒక సమయంలో వాటిలో ఒక్కదాన్నే తెరుస్తుంది. ఆ జన్యువు తయారుచేసిన ప్రొటీన్ మన ఎర్ర రక్తకణం పైకి వచ్చి కూర్చుంటుంది. దాంతో ఆ కణం రక్తనాళం గోడకి అతుక్కుపోతుంది. చెడిపోయిన కణాలను వడగట్టే ప్లీహం దాకా వెళ్ళకుండా తప్పించుకుంటుంది.

మన రోగనిరోధక వ్యవస్థ ఊరుకోదు. "ఎర్రచీరావిడని పట్టుకోండి" అని పోలీసుల్ని పంపుతుంది. వాళ్ళు చాలామందిని పట్టుకుంటారు కూడా. ఈలోగా కొందరు ఎర్రచీర మార్చి పచ్చచీర కట్టేసుంటారు. పోలీసులు మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవాలి. ఒకసారి మలేరియా వస్తే జన్మలో మళ్ళీ రాదన్న ధీమా లేనిది అందుకే.

ఇదంతా విని నవ్వుకున్నాను. ఆ తర్వాత అది చెప్పినదానికి మాత్రం చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

ఆ అరవైలో ఒక చీర గర్భిణుల కోసమేనట. మిగతా వాళ్ళలో ఆ ప్రొటీన్‌కి అతుక్కునే చోటు దొరకదు. ఆడదానికి కడుపు పండి మాయ ఏర్పడగానే దొరుకుతుంది. మాయలో ఉండే ఒక రకం పదార్థానికి ఫాల్సిపారం సోకిన కణాలు అంటుకుంటాయని మిషల్ ఫ్రీడ్ అనే శాస్త్రవేత్త, పాట్రిక్ డఫీతో కలిసి 1996లో కనుక్కున్నారు. అలా అంటుకోవడానికి తెరుచుకునే జన్యువేదో తర్వాత తేలింది. మాయలో పరాన్నజీవులు చేరితే తల్లికి రక్తం తగ్గిపోతుంది, బిడ్డ బరువు లేకుండా పుడుతుంది. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో తొలికాన్పుకే ప్రమాదం ఎక్కువ. ఆ చీర తొలిసారి చూస్తున్న ఒంటికి అదేమిటో తెలియదు. తర్వాతి కాన్పులకి కొంత గుర్తుపడుతుంది.

ఇది విన్న వారానికే మా ఇంట్లో పనిచేసే ఆవిడ గిన్నెలు తోముతూ కూతురి సంగతి చెప్పింది. పిల్లని పాడేరు వైపు ఇచ్చారు. తొలిచూలు, ఐదో నెల. "రెండ్రోజులు చలిజొరం వచ్చినాదంట అమ్మగారూ. మాత్రేస్తే తగ్గిపోనాదంట."

పక్కగదిలోంచి మా అమ్మాయి పరుగున వచ్చింది. "పిన్నీ, తగ్గినా సరే, ఇవాళే ఆశా కార్యకర్తని పిలిపించి రక్తపరీక్ష చేయించమను" అంది. ఆవిడ మొహమాటపడుతుంటే ఫోన్ తనే కలిపి ఇచ్చింది. వేలి మీద చుక్క రక్తం, పావుగంటలో ఫలితం. ఫాల్సిపారమే. ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకెళ్ళారు, గర్భిణికి సరిపడే మందులిచ్చారు. ఇప్పుడు పిల్లకి ఎనిమిదో నెల, రక్తం కూడా పెరిగింది.

మీరూ ఇది గుర్తుంచుకోండి. కడుపుతో ఉన్నప్పుడు పరాన్నజీవులు మాయలో దాక్కుంటే వేలి రక్తంలో కనపడకపోవచ్చు. ఒకసారి ఏమీ లేదని వచ్చినా, జ్వరం తిరగబెడితే మళ్ళీ పరీక్ష అడగండి. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పినవే వాడాలి. కాలేయంలో దాక్కున్న వైవాక్స్ మలేరియాకి 14 రోజులు ఇచ్చే ప్రైమాక్విన్ గర్భిణులకు ఇవ్వరు. మిగతా వాళ్ళు జ్వరం తగ్గింది కదా అని నాలుగోరోజుకే దాన్ని ఆపేస్తే, నిద్రపోతున్నవి నెలల తర్వాత లేచి మళ్ళీ జ్వరం తెస్తాయి. మాత్రలు వేసుకుంటుండగా మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి డాక్టరుకి చూపించుకోవాలి. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్న వాళ్ళకి ఆ మందు పడదు.

మా అమ్మాయి చదవాలనుకుంటున్నది ఆ కాలేయం దశ గురించే. దోమ నోట్లోంచి వచ్చిన పరాన్నజీవి మొదట చేరేది అక్కడికే. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో కోట అరుణ్ కుమార్ గారి బృందం 2017లో ప్రచురించిన పని ఒకటి చూపించింది. దోమ లాలాజల గ్రంథుల్లో ఉండగా పరాన్నజీవి బాగా తెరిచి ఉంచే జన్యువుల్లో ఒకదాన్ని, ఎలుకలకొచ్చే మలేరియా రకంలోంచి వాళ్ళు తీసేశారు. ఆ పరాన్నజీవి కాలేయంలో పూర్తిగా ఎదగలేకపోయింది. ఆ ఒక్కటి లేకపోయేసరికి వేరే ఎన్నో జన్యువుల పని కూడా తగ్గిపోయింది. ఇలా ఎదగలేని పరాన్నజీవుల్ని టీకాలా వాడవచ్చా అన్నది వాళ్ళ ఆలోచన. ఎలుకల్లో సగం మేర రక్షణ వచ్చింది. "మిగతా సగం ఎందుకు రాలేదో ఎవరో ఒకరు చూడాలి కదమ్మా" అంది.

మలేరియాని దోమలు మోస్తాయని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20న దోమ పొట్ట కోసి కనుక్కున్నాడు. అప్పటినుంచి ఇన్నేళ్ళ పనిలో ఐదేళ్ళు ఎంతని?

ఆ రాత్రి మావారికి చీరల కథ, పాడేరు పిల్ల కథ రెండూ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు షిఫ్టుకి వెళ్ళేముందు గాజువాక వాళ్ళకి ఫోన్ చేసి, "అమ్మాయి చదువుకుంటుందండీ. మీకు వీలైతే అలాగే చేసుకోండి, లేదంటే ఏమీ అనుకోకండి" అన్నారు. వాళ్ళు ఆలోచించుకుని చెప్తామన్నారు, ఇంకా చెప్పలేదు.

అత్తయ్యగారు మాత్రం రోజూ మనవరాల్ని పట్టుకుని అడుగుతున్నారు. "ఇవాళ ఏ చీర కట్టిందే నీ పురుగు?"