చిరునామా అడగని కథలు

2025 జులై 6, ఆదివారం. తొలి ఏకాదశి

వానలు ముదిరితే బొంబాయి కామాటిపుర చాల్‌లోని మా ఒంటిగది ఖోలీలో అటక మీది సామానంతా కిందికి దిగాల్సిందే. ఈ ఏడు పైకప్పు మూలలో కొత్తగా చెమ్మ పట్టింది. రేకు పెట్టె దించి తుడుస్తుంటే అడుగున పాత చీర ముక్కలో చుట్టిన పుస్తకాలు కనబడ్డాయి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’కి అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలూ లేవు. దాని కింద వారపత్రికల్లోంచి చించి, సూదీ దారంతో కుట్టిన సీరియల్ ఒకటి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తంబాకు వాసన. నలభై ఏళ్లు దాటినా పోలేదు.

“ఎవరివమ్మా ఇవి?” అంది చిన్నది, నా కూతురు.

మా గ్యాలరీ అందరివీ అన్నాను. ఒక్కరు కొన్నది ఒక్కటీ లేదు అందులో. ఊరి నుంచి బస్సులో వచ్చిన చుట్టాల సంచుల్లో దిగినవి కొన్ని, పాత కాగితాల బండి మీద తూకానికి తెచ్చుకున్నవి కొన్ని.

జులై 8, మంగళవారం

ఎట్లా చదివేవాళ్లమో రాసి పెట్టుకోవాలి. చిన్నదానికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. అయినా రాస్తాను.

మా అంతస్తులో పదకొండు ఖోలీలు. మగవాళ్లు మిల్లులకూ మేస్త్రీ పనులకూ పోయాక ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని గ్యాలరీలో వరుసగా కూర్చునేవాళ్లు. తునికాకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, కొస మడిచి దారం కట్టాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చేతులు రెండూ పనిలో ఉంటాయి, చెవులు ఖాళీగా ఉంటాయి. మునిసిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి చదివే నేను గడప మీద కూర్చుని నవల చదివేదాన్ని. నా వంతు బీడీలు వాళ్లే తలా ఇన్ని చుట్టి పెట్టేవాళ్లు. నా జీతం అదే.

నీళ్లు తాగడానికి ఆగితే పెద్దమ్మ ఊరుకునేది కాదు. “ఆగకు బిడ్డా, గా పిల్ల ఏమన్నదో చెప్పు.” కథానాయికను ఎవరూ పేరుతో పిలవలేదు. ఏ నవలలోనైనా ఆమె ‘గా పిల్ల’నే. పక్క ఖోలీలో కాపురానికి వచ్చిన కోడలి గురించి మాట్లాడినట్టే ఆమె గురించీ మాట్లాడుకునేవాళ్లు.

జులై 9, బుధవారం

నిన్నటి ముచ్చట విని చిన్నది ఫోన్‌లో వెతికి ఒక సంగతి చెప్పింది. క్యూబాలో సిగార్లు చుట్టే కార్ఖానాల్లో 1865 నుంచీ ఇదే పద్ధతి. పనివాళ్లు తమ కూలిలోంచి తలా కొంత వేసుకుని, గట్టిగా చదివి వినిపించే మనిషిని పెట్టుకునేవాళ్లు. పొద్దున పత్రికలు, తర్వాత నవలలు. డ్యూమా నవల వాళ్లకు ఎంత నచ్చిందంటే మాంటెక్రిస్టో పేరుతో ఒక సిగారే వచ్చింది. రోమియో జూలియెట్ల పేరుతోనూ ఉంది.

హవానా ఎక్కడ, కామాటిపుర ఎక్కడ! పొగాకు చుట్టే చేతులకు కథ కావాలని అక్కడా ఇక్కడా ఎవరూ నేర్పలేదు. మా పెద్దమ్మ ఉంటే ఈ మాట చెప్పి మురిపించేదాన్ని.

జులై 20, ఆదివారం

‘సెక్రటరీ’ మళ్లీ మొదలుపెట్టి యాభై పేజీలు చదివాను. 1960ల నడుమ ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన కథ. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది.

ఆ నవలలను కొందరు కార్ల కథలు, మేడల కథలు అని తీసిపారేస్తారు. పదడుగుల ఖోలీలో ఎనిమిది మందిమి పడుకునేవాళ్లం. మేడ అంటే మాకు ముచ్చట కాకుండా ఎట్లా ఉంటుంది? అయితే మా గ్యాలరీ నాతో రెండేసి సార్లు చదివించుకున్నది మేడ వర్ణన కాదు. ఉద్యోగం చేసుకుని బతికే జయంతి అంత పెద్ద రాజశేఖరం ముందు తల వంచకుండా నిలబడే చోట్లు. వారం వారం బీడీలు అప్పజెప్పే దగ్గర, బాగాలేవని గుప్పెళ్లకు గుప్పెళ్లు తీసి పారేసి లెక్కలో కోత పెడితే నోరెత్తలేని ఆడవాళ్లు వాళ్లు. జీతమిచ్చే మనిషి జీతం తీసుకునే పిల్ల మనసు కోసం తిరగడం ఒక్క నవలలోనే చూశారు. ఆ పేజీ రాగానే చేతులు ఆగిపోయేవి. తంబాకు ఒళ్లోకి రాలినా చూసుకునేవాళ్లు కాదు.

ఆగస్టు 3, ఆదివారం

చిన్నదీ నేనూ ‘అ ఆ’ చూశాం. త్రివిక్రమ్ 2016లో తీసింది. తల్లి కట్టడిలో పెరిగిన డబ్బున్న పిల్ల, తల్లి ఊళ్లో లేని పది రోజులు మేనత్త ఇంటికి పోవడం. సగంలోనే అన్నాను, ఇది యద్దనపూడి ‘మీనా’ అని. 1973లో విజయనిర్మల తన దర్శకత్వంలో ఈ నవలనే సినిమాగా తీసింది, కృష్ణ హీరో.

చిన్నదానికి నవల కథ మొత్తం చెప్పాను. విన్నాక అడిగింది, “ముగింపు తెలిసిపోయాక ఎట్లా చూడబుద్ధి అవుతుందమ్మా?”

తెలుసు కాబట్టే చూడబుద్ధి అవుతుంది. సీతాకల్యాణం హరికథకు పోయేవాళ్లెవరూ విల్లు విరుగుతుందో లేదో తెలుసుకోవడానికి పోరు. ఈసారి చెప్పేవాడు ఎక్కడ నిలబడి చెబుతాడు, ఎవరి వైపు చూస్తాడు అన్నదే రుచి. ‘మీనా’ చదివేటప్పుడు నేను మీనా వైపు ఉండేదాన్ని. ఇవాళ ఆ తల్లి వైపు కూడా చూశాను. కన్నబిడ్డ చేజారిపోతుందన్న భయం ఆ కోపంలో ఉంది. అప్పుడు నాకది వినపడలేదు.

ఆగస్టు 14, గురువారం

వర్లీ బీడీడీ చాళ్లలో మొదటి విడతగా 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళాలు ఇచ్చారు. 160 చదరపు అడుగుల ఖోలీ పోయి 500 చదరపు అడుగుల ఇల్లు వచ్చింది. అక్కడే ఉండే మా చిన్నమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. వాళ్ల బిల్డింగు వంతు ఇంకా రాలేదు. అయినా సంతోషమేనంది.

చిన్నమ్మ గొంతు వింటే 1982 గుర్తొచ్చింది. జనవరి 18న బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెనక రెండున్నర లక్షల మంది. నాయన మిల్లులో సాంచ దగ్గరికి మళ్లీ పోలేదు. ఇంట్లో మొదట పాలు బందయ్యాయి, తర్వాత వారపత్రిక. అప్పుడు మేం వింటున్న సీరియల్ నడుమనే ఆగింది. పెట్టెలో దొరికిన ఆ కుట్టిన కాగితాలు అవే.

గ్యాలరీలో అందరూ దిగులుపడితే మా అవ్వ బీడీలు చుడుతూనే మిగతా కథ చెప్పడం మొదలుపెట్టింది. అక్షరం ముక్క రాని మనిషి. వారానికొక భాగం, సరిగ్గా పత్రికలో వచ్చినంతే చెప్పేది. నవలలో హీరో పెద్ద కంపెనీ యజమాని. అవ్వ కథలో ఆ కంపెనీ మూతపడింది. అతను నడుచుకుంటూ ఆ పిల్ల ఇంటికి వచ్చాడు. ఆమె అన్నం పెట్టి, తర్వాత మాట్లాడింది.

అసలు ముగింపు కోసం నేనెప్పుడూ వెతకలేదు. మా అవ్వ చెప్పిందే నాకు అసలుది.

ఆగస్టు 23, శనివారం

రాయాలా వద్దా అని ఇన్నాళ్లు ఆగిన సంగతి.

ఒక వేసవిలో ‘దేవదాసు’ చదువుతున్నాను. శరత్ బాబు బెంగాలీలో రాసిన ఈ నవల 1917లో పుస్తకంగా వచ్చింది. చక్రపాణి వంటి అనువాదకులు శరత్‌ను తెలుగిళ్లలో మనిషిని చేశారు. 1953 సినిమాతో దేవదాసు అక్కినేని అయ్యాడు, పార్వతి సావిత్రి అయింది. కథ అందరికీ తెలుసు. అయినా అందరూ వింటున్నారు.

మూడో రోజు మెట్ల మలుపులో ఒకామె వచ్చి కూర్చుంది. వెనక గల్లీ మనిషి. అక్కడి ఆడవాళ్లు మా మెట్లు ఎక్కేవాళ్లు కాదు, మేం వాళ్ల గుమ్మాల ముందు నుంచి నడిచేవాళ్లం కాదు. ఆమె మాటా తెలుగే. చంద్రముఖి వచ్చిన పేజీలన్నీ కదలకుండా విన్నది. ఆఖర్న దేవదాసు పార్వతి అత్తవారి ఊరు చేరి, వాకిలి ముందే ప్రాణం వదిలాడు. నా పక్కన అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. ఆమె కిందనుంచి అడిగింది, “మరి చంద్రముఖి ఎటువాయె?”

ఎవరూ మాట్లాడలేదు. నవల ముగింపులో ఆమె కనబడదు. సాని వృత్తి విడిచి పల్లెకు పోయి ఉన్నది, అతనికి జబ్బు చేస్తే వెతికి తెచ్చి సేవ చేసింది. అంత్యకాలానికి మాత్రం పుస్తకం ఆమెను పిలవలేదు.

మరునాడు అవ్వ నాతో అన్నది ఒక్కటే. “జర గొంతు లేపి చదువు. కిందికి ఇనబడాలె.”

ఆగస్టు 24, ఆదివారం

ఆ ప్రశ్న రాత్రంతా పడుకోనివ్వలేదు. దేవదాసును మళ్లీ మళ్లీ తీసినవాళ్లు దానికి తలా ఒక జవాబు చెప్పారనిపిస్తోంది.

బిమల్ రాయ్ 1955లో ఈ బొంబాయిలోనే తీశాడు. పల్లకిలో పోయే పార్వతి, నడిచివచ్చే చంద్రముఖి ఒక దారిలో ఎదురవుతారు. ఒకరినొకరు చూసుకుంటారు, మాట లేదు. చంద్రముఖి వేసిన వైజయంతిమాలకు సహాయనటి అని ఫిల్మ్‌ఫేర్ అవార్డు ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. తన పాత్ర పార్వతికి సమానం అంది. 2002లో భన్సాలీ ఇద్దరినీ ఒక పండుగనాడు కలిపి నాట్యం చేయించాడు. 2009 ‘దేవ్ డి’లో దేవ్ బతికాడు, ఆ కథలో చంద్రముఖి అయిన చందా దగ్గరికే చేరాడు.

మూలాన్ని పాడుచేశారని కోప్పడేవాళ్లున్నారు. శరత్ అంటే నాకు భక్తి. అయినా ఆ మెట్ల మలుపు గుర్తొస్తే ప్రతి మార్పుకూ దండం పెట్టబుద్ధి అవుతుంది. మొదటిసారి చెప్పినప్పుడు బయట నిలబడిపోయిన మనిషిని లోపలికి పిలవడానికే కథ మళ్లీ చెప్పాలి.

సెప్టెంబర్ 7, ఆదివారం

చిన్నది ఒక అబ్బాయి సంగతి చెప్పింది. ఆఫీసులో కలిసి పనిచేస్తాడు. మరాఠీవాళ్లు, లాల్‌బాగ్‌లో ఇల్లు.

నేను మొదట అడిగింది కులం కాదు, ఉద్యోగం కాదు. “మనం ఎక్కడుంటామో చెప్పినవా?”

18వ శతాబ్దం చివర నుంచీ నైజాం రాజ్యం నుంచి వచ్చి ఈ ఊరి రోడ్లు వేసి, గోడలు లేపిన తెలుగు కూలీలను కామాఠీలు అన్నారు. వాళ్ల పేరు మీదే కామాటిపుర. 1873లో ఫూలే సత్యశోధక సమాజం పెట్టినప్పుడు వెన్నంటి నిలిచిన వాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటి బొంబాయి తెలుగువాళ్లున్నారు. ఆ పేరుకు ఇంత చరిత్ర ఉంది. బయటివాళ్లకు మాత్రం ఆ వెనక గల్లీ ఒక్కటే తెలుసు. 2022లో ‘గంగూబాయి కాఠియావాడీ’ రాకముందే ఇక్కడివాళ్లు కొందరు ఊరి పేరు చెడుతుందని అభ్యంతరం చెప్పారు. వాళ్ల బాధ నాకు తెలుసు. మా అక్క సంబంధాలప్పుడు నాయన చిరునామా ‘బాంబే సెంట్రల్’ అని రాసేవాడు. తెలిసిపోయాక తిరిగిపోయినవాళ్లున్నారు.

ఆ సినిమా నేను చూశాను. చూస్తున్నంతసేపూ మెట్ల మీది మనిషే గుర్తొచ్చింది. మా పరువు కోసం ఆమెను దాచిపెట్టాలని నాకు లేదు. మేమూ ఉన్నాం, ఆమె కూడా ఉన్నది.

సెప్టెంబర్ 21, ఆదివారం. ఎంగిలిపూల బతుకమ్మ

చాల్ ముందు పది మందిమే. పూలు దాదర్ నుంచి తెచ్చుకున్నాం. ఒకామె పాట ఎత్తుకుంటే ఇంకొకామె వాళ్ల ఊరి చరణం కలిపింది. ఎవరూ తప్పు అనలేదు.

అక్టోబర్ 5, ఆదివారం

అబ్బాయి తల్లిదండ్రులు వచ్చారు. మెట్లెక్కి వస్తుంటే నాకు కాళ్లు వణికాయి. ఆమె గ్యాలరీలో నిలబడి చుట్టూ చూసి మరాఠీలో అంది, మా నాన్న ఖోలీ కూడా అచ్చం ఇట్లాగే ఉండేదని. ఆయనా మిల్లు మనిషే. సమ్మె తర్వాత ఆయనా మళ్లీ పనికి పోలేదు. చాయ్ చల్లారిపోయేదాకా ఆ మాటలే. చిరునామా గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

అక్టోబర్ 26, ఆదివారం

చిన్నదీ నేనూ ‘ప్రియురాలు పిలిచింది’ చూశాం. జేన్ ఆస్టిన్ 1811లో అచ్చువేసిన నవలను రాజీవ్ మేనన్ 2000లో తమిళనాడుకు తెచ్చాడు, మనకు తెలుగులో వినిపించారు. తాత పోయి, ఇల్లు పోయి, అక్కాచెల్లెళ్లు ఊరు మారడం. రెండు వందల ఏళ్ల కింద ఇంగ్లండులో రాసింది అంటే ఎవరికి అనిపిస్తుంది? ఇల్లు చేజారిన ఆడపిల్లల కథ ఏ భాషలో చెప్పినా ఈ చాల్‌కు అర్థమవుతుంది.

తర్వాత చిన్నది ‘సెక్రటరీ’ నా చేతికిచ్చి, చదువమ్మా అంది. ఫోన్‌లో రికార్డు పెట్టింది. గొంతు లేపి చదివాను. మూడో ఖోలీ వదినె తలుపు తెరుచుకుని వచ్చి కూర్చుంది. ఆరో ఖోలీలో ఇప్పుడు ఉంటున్న బీహారు అమ్మాయికి తెలుగు రాదు. ఆమె కూడా వచ్చింది. వదినె హిందీలో చెబుతూ పోయింది. ఆ హిందీ కథలో జయంతి నేను చదివినదానికంటే గట్టిగా మాట్లాడింది. నేను దిద్దలేదు.

ఇవి చదివేవాళ్లకు నాదొక్కటే మనవి. మీ అటక మీద కూడా అట్ట లేని నవల ఒకటి ఉండే ఉంటుంది. దించండి, ఒక్కరే చదువుకోకండి. ఇంట్లో తెలుగు చదవలేని పిల్లలుంటే వాళ్లకు వినిపించండి. వాళ్లు కథ మార్చి చెబితే చెప్పనివ్వండి.

నవంబర్ 9, ఆదివారం

శుభలేఖలు అచ్చయి వచ్చాయి. మూడు వందలు. ఒకవైపు తెలుగు, ఒకవైపు మరాఠీ. ప్రెస్సు అబ్బాయి చిరునామా దగ్గర ఆగి, ముంబయి సెంట్రల్ అని వేయమంటారా అని అడిగాడట. చిన్నది వద్దంది. రెండు భాషల్లోనూ కామాటిపుర అనే ఉంది.