గదికీ ఒక స్వరం ఉంది

పాట రికార్డు చేయాలంటే ముందుగా పెద్ద సొమ్ము చేతిలో ఉండాలని మన పల్లెల్లో చాలామంది నమ్ముతారు. పిల్లవాడు పాడతానంటే సంతోషిస్తారు. రికార్డు చేస్తానంటే భయపడతారు. ఆ భయంలో కొంత నిజం ఉంది. పట్నంలో స్టూడియోకు వెళ్ళాలన్నా, ఇంటికి పరికరాలు తెచ్చుకోవాలన్నా ఖర్చు తప్పదు. అయితే రాక్ సంగీతం తొలినాళ్ళ సంగతులు చదివినప్పుడు నాకు మరొకటి కనిపించింది. లోకం ఈనాటికీ మెచ్చుకునే ఆ ధ్వనుల్లో చాలా వరకు డబ్బిచ్చి కొన్నవి కావు, వెదికి పట్టుకున్నవి.

మా పేటలో ఒక యువకుడు గిటారు వాయిస్తాడు. పాత రాక్ పాటలంటే అతనికి ప్రాణం. గొంతు వెంటే పలికే ఆ ప్రతిధ్వని, గుండెల్లో మ్రోగే ఆ డ్రమ్ము తన పాటలోనూ వినిపించాలని అతని ఆశ. కావలసిన మైకులు, పరికరాల జాబితా రాసి ఇంట్లో ఇచ్చాడు. కూలిపనికి వెళ్ళే అతని తల్లి ఆ కాగితం నా దగ్గరకు తెచ్చింది. "అయ్యగారూ, కమ్మలు తాకట్టు పెడదామనుకుంటున్నాను. ఇవి కొంటే వాడి పాట బాగా వస్తుందాండీ?" అని అడిగింది. "రెండు వారాలు ఆగమ్మా" అన్నాను.

ఆ రెండు వారాల సాయంకాలాలు అతనూ నేనూ ఉన్నవాటితోనే ప్రయత్నించాము. మాకు ఉన్నవి అతని ఫోను, మా ఇంట్లోని పాత కంప్యూటరు, అందులో ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాము, ఒక డోలక్. అంతే.

మొదట ప్రతిధ్వని. అమెరికాలోని మెంఫిస్ నగరంలో సామ్ ఫిలిప్స్ 1950లో ఒక చిన్న స్టూడియో తెరిచారు. 1954లో ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డు వెలువడింది అక్కడి నుంచే. ఆ స్టూడియోకు పేరు తెచ్చిన ప్రతిధ్వనికి ఆధారం రెండు టేపు యంత్రాలు. యంత్రంలో శబ్దాన్ని టేపు మీదికి ఎక్కించే హెడ్డు ఒకటి, తిరిగి వినిపించే హెడ్డు ఇంకొకటి. టేపు ఒకదాని నుంచి రెండోదాన్ని చేరడానికి సెకనులో చిన్న భాగం పడుతుంది. ఆ కాస్త ఆలస్యంగా వచ్చిన గొంతును అసలు గొంతుతో కలిపేవారు. మేము పాడిన పాటకు కంప్యూటరులో నకలు తీసి, అది 0.13 సెకను ఆలస్యంగా మొదలయ్యేలా జరిపి, దాని శబ్దం బాగా తగ్గించి వినిపించాము. అతని ముఖం వెలిగిపోయింది.

తరువాత డ్రమ్ము. ఇంగ్లండులో ఒకప్పుడు పేదల ఆశ్రయంగా కట్టిన హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం ఉంది. లెడ్ జెప్లిన్ బృందం 1971లో విడుదల చేసిన 'వెన్ ద లెవీ బ్రేక్స్' పాటకు అక్కడి మెట్ల హాలులో అడుగున డ్రమ్ములు పెట్టి, పైన రెండు మైకులు వేలాడదీశారు. డ్రమ్ముతో పాటు ఆ గది కూడా పాటలో మ్రోగింది. మేము డాబా మెట్ల కింద డోలక్ వాయించి, ఫోనును పై మెట్టు మీద పెట్టాము. దగ్గర పెట్టినప్పుడు పొడిగా పగిలిన శబ్దం, దూరం పెట్టగానే నిండుగా వచ్చింది. గొంతుకు మాత్రం అంత మ్రోత పనికిరాదు. అందుకని తాడు మీద రెండు బొంతలు ఆరవేసి, వాటి మధ్య నిలబడి పాడించాము.

ఆ డోలక్ కూడా లేకపోతే? 1957లో బడ్డీ హాలీ 'ఎవ్రీడే' పాట రికార్డు చేసినప్పుడు జెర్రీ అల్లిసన్ డ్రమ్ములు పక్కనపెట్టి, చేతులతో తన మోకాళ్ళ మీద కొట్టి తాళం వేశారు. ఆ సంగతి చెబితే మా యువకుడు నవ్వి, వెంటనే తానూ మోకాళ్ళ మీద తాళం మొదలుపెట్టాడు.

అచ్చం ఆనాటి ధ్వనే వచ్చిందని చెప్పను. ఫోనులోని చిన్న మైకుకు డ్రమ్ము అడుగుశబ్దం పూర్తిగా అందదు. పైగా ఆనాటి స్టూడియోల్లో మంచి మైకులు, చేయి తిరిగిన ఇంజనీర్లు ఉన్నారు. అయినా పాట వినసొంపుగా వచ్చింది. కమ్మలు ఆ తల్లి చెవులకే ఉన్నాయి. అతని జాబితాలో చివరికి ఒక్క సాధారణ మైకు మిగిలింది. దాన్ని తన సంపాదనతో కొంటానన్నాడు.

బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఒకసారి తన ఇంట్లో రెండు మైకులతో, నాలుగు ట్రాకుల క్యాసెట్టు రికార్డరు మీద కొన్ని పాటలు నమూనాగా రికార్డు చేసుకున్నారు. తరువాత స్టూడియోలో తన బృందంతో వాటిని మళ్ళీ వాయించి చూశారు. ఇంటి క్యాసెట్టులో ఉన్న జీవం వాటిలో రాలేదు. చివరికి ఆ క్యాసెట్టులోని పాటలే 1982లో 'నెబ్రాస్కా' అనే ఆల్బముగా వెలువడ్డాయి. స్టూడియో అందుబాటులో ఉన్నవాడే ఇంటి రికార్డింగును ఎంచుకున్నాడంటే మనం ఆలోచించాలి.

తలిదండ్రులారా, పిల్లలు అడిగినదాన్ని వెంటనే కాదనకండి. వెంటనే అప్పూ చేయకండి. ముందుగా వారితో కూర్చుని వినండి. ఒక రాత్రి ఫ్యాను ఆపి, వంటగదిలో, వసారాలో, మెట్ల దగ్గర, ధాన్యం బస్తాల మధ్య ఒక్కో చప్పట కొట్టి చూడండి. ప్రతి చోటా చప్పట వేరుగా పలుకుతుంది. పాటకు ఏ చోటు తగినదో మీ పిల్లల చెవులే చెబుతాయి. దానికి పైసా ఖర్చు లేదు.