కుదుపులేని శ్రీశైల యాత్ర

హైదరాబాదు నుంచి శ్రీశైలానికి సుమారు 215 కిలోమీటర్లు. ఈ దూరానికి మేము రెండుసార్లు బయలుదేరవలసి వచ్చింది. మొదటిసారి సగం దారిలోనే వెనక్కు తిరిగాము. రెండోసారి చేరుకున్నాము. రెండుసార్లూ రోడ్డు అదే, కారు అదే, మనుషులమూ మేమే. మధ్యలో మారినదేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాన్నగారు ఉన్నన్నాళ్ళూ ఏటా కార్తీకమాసంలో అమ్మను వెంటబెట్టుకొని ఎర్రబస్సులో శ్రీశైలం వెళ్ళివచ్చేవారు. ఆయన పోయిన తరువాత ఆ ప్రయాణం ఆగిపోయింది. ఇప్పుడు అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. నడుములో వెన్నుపూసలు అరిగాయి. “కూర్చోవచ్చు, నాలుగడుగులు నడవవచ్చు. కుదుపులు మాత్రం పనికిరావు” అన్నారు డాక్టరుగారు. అమ్మ నోరు తెరచి ఏదీ అడిగే మనిషి కాదు. కాని కార్తీకం వచ్చేసరికి నాన్నగారి మరచెంబు అటకమీదనుంచి దింపించి, చింతపండు పెట్టి తోమి, మళ్ళీ అటకమీద పెట్టిస్తూ ఉండేది. అది చూచి మా తమ్ముడు కారు కొన్నాడు.

వాడు కొన్నది సామాన్యమైన కారు కాదు. పరుగుపందెం కారుకూ, జమీందారు బంగళాకూ పుట్టిన బిడ్డ అనుకోండి. నాలుగు తలుపులూ, లోపల తోలు సీట్లూ ఉంటాయి. నేలను ఆనుకొని పోతున్నట్టుంటుంది. మలుపు తిరిగితే ఒరగదు. ఒకరు వాడి అమ్మిన బండి గనుక తమ్ముడి జీతానికి అందింది. దాని పేరు చెప్పను. కథ పూర్తి అయ్యేసరికి తప్పు కంపెనీవారిది కాదని మీకే తెలుస్తుంది.

మొదటి ప్రయాణంలో ఊరు దాటేదాకా బాగానే ఉంది. నున్నటి రోడ్డు మీద పాదరసంలా పోయింది. కడ్తాల్ దాటిన తరువాత రోడ్డుకు అతుకులు వేసినచోట మొదలైంది బాధ. అతుకు అతుకుకూ చక్రం కింద సుత్తితో కొట్టినట్టు దడేలుమంటోంది. వెనక సీటులో అమ్మ రెండు చేతులూ సీటుకు అదిమిపెట్టి, నడుమును పైకి ఎత్తి పట్టుకొని కూర్చుంది. కాళ్ళ దగ్గర మరచెంబు గణగణలాడుతోంది. కల్వకుర్తి దరిదాపులకు వచ్చేసరికి ఆమె ముఖం పాలిపోయింది.

“ఒరేయ్ నాయనా, ఆపరా. ఎర్రబస్సే నయం” అన్నది.

ఆ మాట ఆమె బాధ కొద్దీ అన్నదేగాని వాణ్ణి నొప్పించాలని కాదు. తమ్ముడు మారుమాట లేకుండా బండి వెనక్కు తిప్పాడు. ఇంటికి వచ్చి దానికి ముసుగు వేశాడు. మర్నాటినుంచి మెట్రోరైలులో ఆఫీసుకు పోసాగాడు. అమ్మ మూడురోజులు మంచం దిగలేదు. నాలుగోరోజున లేచి, “నా నడుము మంచిది కాదుగాని, వాడి కారుకేం వచ్చిందిరా?” అని నన్ను అడిగింది. ఇద్దరూ ఒకరినుంచి ఒకరు ముఖం తప్పించుకు తిరుగుతూంటే చూడలేకపోయాను. ఒక ఆదివారంనాడు తమ్ముణ్ణి బలవంతాన లేవదీసి, మలక్‌పేట వైపు ఒక పాత మెకానిక్కు దగ్గరకు తీసుకుపోయాను.

గడ్డం నెరసిన సాయిబుగారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, మొదట గాలి కొలిచారు. నాలుగు చక్రాల్లోనూ 41 పౌన్లు ఉన్నది. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభానికి అతికించిన చీటీ మీద 33 అని ఉన్నది.

“ఎవరు కొట్టిన్రు సార్ ఇంత గాలి?”

“బంకులో కుర్రవాడు. ఎక్కువ ఉంటే మైలేజీ వస్తుందన్నాడు.”

సాయిబుగారు నవ్వి, తమ్ముణ్ణి బండి నడిపించి, ఒక మీట వంక చూపించారు. అది ‘స్పోర్ట్’ మీద ఉంది. కొన్న రోజునుంచీ మావాడు దాన్ని అక్కడే ఉంచాడట. ఇటువంటి కొన్ని కార్లలో ఆ మీట తిప్పితే షాక్ అబ్సార్బర్లు బిగుసుకుంటాయి, వదులవుతాయి. దాన్ని ‘కంఫర్ట్’ మీదికి తిప్పి, గాలి చీటీలో రాసినంతకు దించి, “వారం నడిపి చూడండి. అన్నీ ఒక్కసారే మారిస్తే ఏ మందు పనిచేసిందో ఎట్ల తెలుస్తది?” అన్నారు. ఆ రోజు ఆయన పైసా పుచ్చుకోలేదు.

సగం జబ్బు అక్కడే తగ్గింది. ఎందుచేతనంటే బండికి మొట్టమొదటి పరుపు టైరులోని గాలే. ఈ సంగతి కనిపెట్టినవారు ఇంట్లోవారి సుఖం కోసమే కనిపెట్టారు. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టాలు చుట్టాడు. అంతకు ముందే, 1845లో, థాంసన్ అనే ఆయన గాలి టైరుకు పేటెంటు పొందాడుగాని అది వాడుకలో నిలవలేదు. డన్‌లప్ గారిదే లోకమంతా పాకింది. గాలి అతిగా నింపితే ఆ పరుపు బల్ల అవుతుంది. అలాగని మెత్తదనం కోసం చీటీలో రాసినదానికంటె తగ్గించకూడదు. టైరు పక్కలు వంగి వంగి వేడెక్కి, వేగంలో పగిలిపోవచ్చు. గాలిని పొద్దున్నే, బండి కదలకముందు కొలవాలి. నడిచి వచ్చిన టైరులో వేడికి లెక్క పెరిగి కనిపిస్తుంది.

మరుసటి ఆదివారం సాయిబుగారు బండిని పైకెత్తి చూపించారు. వెనక షాక్ అబ్సార్బరు ఒకటి నూనె కారుతోంది. స్ప్రింగు దెబ్బను తీసుకుంటుంది. తీసుకున్న దెబ్బకు ఊగుతుంది. ఆ ఊపును అణచేది షాక్ అబ్సార్బరు. మనవారు లారీలకుండే పట్టీల స్ప్రింగులను కమాను పట్టీలంటారు. కమాను అంటే పారశీకంలో విల్లు. మన విల్లుబండిలోనిదీ అదే విల్లు. తెలుగు మేష్టారిని గనుక ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను. సాయిబుగారు మర్యాదకు విన్నారు. వెనక రెండు షాక్ అబ్సార్బర్లూ జతగా మార్చారు. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ ఉంటే బండి సమంగా ఊగదట.

ఇక మిగిలినవి చక్రాలు. పూర్వపు యజమాని అందం కోసం 19 అంగుళాల చక్రాలు వేయించాడు. ఆ కారు పుట్టినప్పుడు ఉన్నవి 17 అంగుళాలవి. టైరు పక్కన 225/40 ఆర్ 19 అని రాసి ఉంటుంది. అనగా టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో నూటికి 40 వంతులు, అంటే 90 మిల్లీమీటర్లు. దాని బదులు 225/50 ఆర్ 17 వేస్తే గోడ 112 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. మొత్తం చక్రం ఎత్తులో తేడా ఆరు మిల్లీమీటర్లే. ఇనుము తగ్గి, ఆ చోటు రబ్బరుకూ గాలికీ దక్కుతుంది. రోడ్డు దెబ్బ మనదాకా వచ్చేముందు ఆ గోడ వంగి కొంత మింగుతుంది.

పైగా ఉన్నవి రన్‌ఫ్లాట్ టైర్లు. గాలి పోయినా నిదానంగా కొంతదూరం పోవడానికి వాటి గోడలు మందంగా, గట్టిగా చేస్తారు. ఆ గట్టిదనమే నడుముకు తగులుతుంది. మామూలు టైర్లు వేస్తే మెత్తనే, కాని పంక్చరయితే ఆగిపోవాలి. అందుకని డిక్కీలో స్టెప్నీ ఒకటి పెట్టుకున్నాము. సామానుకు చోటు తగ్గింది. కంపెనీ చీటీలో ఉన్న కొలతే కావడం, టైరు మోయగల బరువూ వేగమూ కారుకు సరిపోవడం సాయిబుగారు రెండుసార్లు చూచుకున్నారు. స్ప్రింగులు కూడా మారుద్దామన్నాడు తమ్ముడు.

“వద్దు సార్. బండి ఎట్ల పుట్టిందో అట్ల చేసినం. ఇగ మీ కాలే మిగిలింది” అన్నారాయన.

అమ్మ మాత్రం కారెక్కనని భీష్మించుకుంది. ఒకనాడు కూరల మార్కెట్టుకని మాయచేసి ఎక్కించాము. మా వీధి చివర మూడు స్పీడు బ్రేకర్లున్నాయి. అవి దాటిన తరువాత ఆమె కిటికీలోనుంచి తొంగిచూచి, “ఈ రోడ్డు కొత్తగా వేశారుట్రా?” అన్నది. తమ్ముడు జవాబు చెప్పలేదు. అద్దంలో వాడి కళ్ళు చూచి నేను కిటికీవైపు తిరిగాను.

ఈసారి తెల్లవారుఝామున బయలుదేరాము. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను అడవిలోకి వదలరు. ఆ లెక్క చూచుకొని బయలుదేరడం మంచిది. అమ్మను ముందు సీటులో కూర్చోబెట్టాము. వెనక సీటు వెనక చక్రాల ఇరుసుకు దగ్గరగా ఉంటుంది గనుక ఎత్తెత్తి వేస్తుంది. ముందు సీటు రెండు ఇరుసులకూ నడుమ ఉంటుంది. నడుము వెనక చిన్న దిండు పెట్టి, సీటు కొద్దిగా పైకి లేపాము. వెనక నాకు మరచెంబు తోడు.

ఆమనగల్లు దాటింది. కల్వకుర్తి దాటింది. వెనక్కు తిరిగిన చోటు వచ్చినప్పుడు ఎవ్వరమూ మాట్లాడలేదు. డిండి జలాశయం పక్కన నీళ్ళమీద ఎండ పడుతోంది. చూపిద్దామని, “అమ్మా!” అన్నాను. తమ్ముడు పెదవిమీద వేలుంచి సైగచేశాడు.

అమ్మ నిద్రపోతోంది!

అక్కడనుంచి వాడు నడిపిన తీరు చూడాలి. స్పీడు బ్రేకరు దూరాన కనబడగానే కాలు తీసేవాడు. గుంతను చూచి పక్కకు పోనిచ్చేవాడు. మమ్మల్ని ఎర్రబస్సులు దాటిపోయాయి, జీపులు దాటిపోయాయి, ఒక ట్రాక్టరు కూడా దాటిపోయింది. గంటకు రెండువందల పైన పోగల కారు ముప్ఫైలో పోతోంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఎలాగూ నిదానంగానే పోవాలి. రోడ్డుకు రెండువైపులా నల్లమల టేకుచెట్లు, వెదురుపొదలు. కోతులు గుంపులుగా రోడ్డు పక్కన కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి. మన్ననూరులో టీ తాగుదామనుకున్నవాళ్ళం, ఆపితే మెలకువ వస్తుందని ఆపలేదు.

ఈగలపెంట దాటి ఘాటు మలుపులు మొదలయ్యాక అమ్మ కళ్ళు తెరిచింది.

“వచ్చేశామా! ఈ మలుపుల్లో మీ నాన్న నా చెయ్యి పట్టుకొని కూర్చునేవారు. నాకు భయమని అందరితో చెప్పేవారు. భయం ఆయనకు.”

కింద కృష్ణ కనిపించింది. నదికి అడ్డంగా, 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీశైలం ఆనకట్ట. గేట్లు మూసి ఉన్నాయి. నది రాళ్ళమధ్య పాయలుగా పోతోంది. వంతెన దాటి ఆవలి కొండ ఎక్కాము. సాక్షిగణపతి దగ్గర దిగి, యాత్రకు వచ్చినట్టు ఆయనకు మా పేర్లు చెప్పుకున్నాము. అమ్మ తన పేరుతోబాటు నాన్నగారి పేరు కూడా చెప్పింది.

మల్లికార్జునస్వామినీ భ్రమరాంబ అమ్మవారినీ దర్శించుకొని వచ్చిన తరువాత, సత్రం అరుగుమీద మరచెంబు మూత తిప్పి నీళ్ళు తాగుతూ తమ్ముణ్ణి పిలిచింది.

“ఒరేయ్, మీ నాన్న ఉంటే ఇంత డబ్బు తగలేసినందుకు నిన్ను తిట్టి, బస్సుకే పోదామనేవారు.”

“మరి నువ్వేమంటావమ్మా?”

“నేనా? పైసంవత్సరం కార్తీకంలో రద్దీ ఎక్కువట. కాస్త ముందుగా బయలుదేరుదాము” అన్నది.